పని లేకుండా ఊరు దాటడం

మా వినగడప పల్లెలో మొగుడూ పెళ్ళామూ కలిసి ఊరు దాటాలంటే కారణం చెప్పాలి. మిరపకోతలకైతే సరే. తిరువూరు ఆసుపత్రికైతే సరే. పెళ్ళికి, చావుకి, కోర్టు వాయిదాకి, ఫిబ్రవరిలో గుణదల మాత తిరునాళ్ళకి అయితే ఎవరూ ఏమీ అడగరు. ఇవేవీ కాకుండా ఇద్దరూ సంచి సర్దుకుని ఆటో ఎక్కారంటే మాత్రం అరుగుల మీద కూర్చున్న ప్రతి పెద్దమ్మా అడుగుతుంది.

"ఏందే, ఇద్దరూ ఎక్కడికి? ఏం పని?"

"పనేం లేదు పెద్దమ్మా, ఊరికే."

ఈ 'ఊరికే' అనే మాట మా పల్లెకి ఇంకా అలవాటు కాలేదు. ఎందుకు అలవాటు కాలేదో చెప్పడానికే ఈ భాగం.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈసారి మా ఇద్దరి తిరుగుళ్ళ గురించి రాస్తానంటే ఒక మిత్రుడు నవ్వాడు. "మేడమ్, మీ టూర్ ఫొటోలకి ముందుమాటా?" అన్నాడు. నేను అన్నా అని పిలిచే ఒక సీనియర్ కార్యకర్త మాత్రం నవ్వలేదు. "జనం ఇన్ని బాధల్లో ఉంటే జంటగా విహారాలేంటమ్మా? ఆ డబ్బుతో ఒక పిల్లాడి ఫీజు కట్టొచ్చు గదా" అన్నాడు. ఆయన ముప్ఫై ఏళ్ళుగా ఒక్క సెలవు కూడా తీసుకోకుండా జనంలో తిరిగిన మనిషి. ఆ మాట అనే హక్కు ఆయనకి ఉంది. జవాబు చెప్పాల్సిన బాధ్యత నాకుంది.

ముందు మా సంగతి చెప్తాను.

నేను మాదిగింటి పిల్లని. మా ఆయన మాల. ఆర్టీసీలో కండక్టరు. 2015లో రిజిస్ట్రార్ ఆఫీసులో దండలు మార్చుకున్నాం. బయటి నుంచి చూసేవాళ్ళకి 'ఇద్దరూ ఎస్సీలే గదా, గొడవేముంది' అనిపిస్తుంది. మన వాడల్లో పెరిగినవాళ్ళకి గొడవేమిటో చెప్పక్కర్లేదు. మా అత్తమ్మ మూడేళ్ళపాటు మా ఇంట్లో మంచినీళ్ళు ముట్టలేదు. మా అమ్మ కూడా తక్కువేం తినలేదు. "ఆళ్ళింట్లో నా బిడ్డకి మర్యాద ఉంటదా" అని ఊరంతా వినేట్టు ఏడ్చింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం వర్గీకరణ మీద తీర్పిచ్చాక మన గ్రూపుల్లో ఎలాంటి మాటలు నడిచాయో మీరే చూశారు. ఆ మాటలన్నీ మా పడకగది గోడలకి 2015లోనే తెలుసు.

పెళ్ళయిన ఏడు క్రిస్మస్‌కి మమ్మల్ని ఏ ఇంటికీ పిలవలేదు. తిరువూరులో అద్దెగదిలో ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నాం. ఆయనకి ఆ రోజు సెలవు. చేతిలో ఉద్యోగి కుటుంబానికిచ్చే బస్సు పాసుంది. "ఎటన్నా పోదామా?" అన్నాడు. "ఎటు?" అంటే ఆయనకీ తెలీదు. మర్నాడు పొద్దున్నే బస్సులు మారి కైకలూరు దగ్గర ఆటపాక వెళ్ళాం. కొల్లేటికి చలికాలం వచ్చే గూడబాతుల్ని చూశాం. చెట్ల నిండా గూళ్ళు. పడవ నడిపే అతను 'కొన్ని చాలా దూరం నుంచి వస్తాయండీ' అంటే మా ఆయన సీరియస్‌గా "వీటికి పాసులెవరిస్తారు?" అని అడిగాడు. పెళ్ళయ్యాక నేను పగలబడి నవ్వింది అదే మొదటిసారి.

అప్పటి నుంచి మా ఇద్దరికీ ఒక పద్ధతి ఏర్పడింది. ఋతువుకో రోజు, పెద్ద సెలవులకో వారం. చలికాలం కొల్లేరు. వేసవి సెలవుల్లో దూరం. దసరాకి వీలైతే నాగ్‌పూర్. వానాకాలంలో దూరాలు పెట్టుకోం. అప్పుడు మా విహారం మా కట్టలేరే. ఏరు పొంగి రోడ్డు మీదికొస్తే వినగడపకి రాకపోకలు ఆగిపోతాయి. ఇవతల గట్టున నిలబడి నీళ్ళు చూస్తాం. అవతల గట్టున మా నాన్న నిలబడి ఫోన్లో మాట్లాడతాడు. తీసే దాకా చూసి, తియ్యకపోతే వెనక్కి వచ్చేస్తాం.

పల్లె దీన్ని తప్పు పట్టింది. "తిరుగుబోతు మొగుడికి తిరుగుబోతు పెళ్ళాం" అన్నారు. ఎందుకంత తప్పయిందో ఆలోచిస్తే నాకు నా సబ్జెక్టే గుర్తొచ్చింది.

నేను పీహెచ్‌డీ చేసింది తెలుగు సాహిత్యంలో. మహాకావ్యానికి పద్దెనిమిది వర్ణనలు ఉండాలని లక్షణకారులు చెప్పారు. అష్టాదశ వర్ణనలు అని పరీక్షల్లో మీరూ రాసి ఉంటారు. ఆ జాబితాలో ఋతువర్ణన ఉంది, ఉద్యానవిహారం ఉంది, జలక్రీడ ఉంది, ప్రయాణం ఉంది. వసంతం రాగానే నాయికానాయకులు తోటకెళ్తారు. ఎండ ముదరగానే కొలనులో దిగుతారు. ఒక జంట ఋతువు చూసుకుని విహారానికి వెళ్ళడమనేది మన సాహిత్యంలో అంత పాత సంగతి. అది లేకపోతే కావ్యానికే లోటు. క్లాసులో ఇది చెప్పేటప్పుడు పిల్లల్ని అడుగుతుంటాను: ఆ తోటకి నీళ్ళు పెట్టిందెవరు? పల్లకీ మోసిందెవరు? ఆ వసంతంలో ఆ మోసినవాళ్ళ పెళ్ళాలు ఎక్కడున్నారు?

మా అమ్మకీ ఋతువులు తెలుసు. తొలకరి అంటే పత్తిగింజలు పెట్టడం. శ్రావణ భాద్రపదాలంటే కలుపు. కార్తీకమంటే వరికోత, పత్తి తియ్యడం. మాఘ ఫాల్గుణాలంటే మిరపకోత. వైశాఖమంటే మామిడి తోటల్లో కాయల మోత. నడుం ఏ నెలలో ఎటు వంగాలో ఆమె ఋతువర్ణన చెప్తుంది. నెలనెలా ఆమె తోటలకే వెళ్ళింది. విహారానికి ఒక్కసారీ వెళ్ళలేదు.

యాత్రల సాహిత్యమూ అంతే. ఏనుగుల వీరాస్వామి 1830 మేలో మద్రాసులో బయలుదేరి కాశీ చూసి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. ఆ 'కాశీయాత్ర చరిత్ర' చాలా విలువైన పుస్తకం. రెండొందల ఏళ్ళ నాటి దారులు, సత్రాలు, ధరవరలు అందులో ఉన్నాయి. నేను ఇష్టంగా పాఠం చెప్తాను. కానీ ఆ దారంతా పల్లకీ కింద నడిచిన బోయీలు కూడా కాశీ దాకా వెళ్ళినవాళ్ళే. వాళ్ళు చూసిన కాశీ ఎలా ఉందో రాసిన పుస్తకం మనకి లేదు.

1941లో జాషువా 'గబ్బిలం' రాశాడు. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు దూరానున్న భార్యకి మేఘంతో కబురు పంపుతాడు. జాషువా కథానాయకుడు ఒక అస్పృశ్యుడు. అతను కాశీలో ఉన్న శివుడికి గబ్బిలంతో కబురు పంపుతాడు. ఎందుకంటే గుళ్ళోకి గబ్బిలం వెళ్ళగలదు, అతను వెళ్ళలేడు. దేశమంతా తిరిగే భాగ్యం ఆ పద్యాల్లో గబ్బిలానికి దక్కింది. మనిషి గుడిసెలోనే ఉండిపోయాడు. యక్షుడికి విరహం బాధ. మనవాడికి ఆకలీ అవమానమూ బాధ. పెళ్ళాంతో కలిసి ఎక్కడికన్నా పోవాలనే కోరిక దాకా వచ్చే తీరిక అతనికి లేదు.

ఆ తీరిక దానంతటదే లేకుండా పోలేదు. లేకుండా చేశారు.

1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచముల సభ జరిగింది. మేం పంచములం కాము, ఆది ఆంధ్రులం అని ప్రకటించిన సభ అది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మనవాళ్ళు బెజవాడ వచ్చారు. వచ్చినవాళ్ళు పనిలో పనిగా కొండెక్కుతారేమోనని ఆ సభ రోజుల్లో కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. ఒక ఊరు చూడ్డానికి మనం వస్తే ఆ ఊరు తలుపులు వేసుకుంది.

1991 నాటి చుండూరు తీసుకోండి. గొడవ మొదలైంది సినిమా హాల్లో. దళిత యువకుడి కాలు ముందు వరసలోని రెడ్డి యువకుడికి తగిలిందన్న గొడవ. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపి గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలేసింది, 2014లో హైకోర్టు కొట్టేసింది. మనం కారంచేడు గురించి మాట్లాడేటప్పుడు చెరువు నీళ్ళ గురించి మాట్లాడతాం. చుండూరు గురించి మాట్లాడేటప్పుడు ఆ సినిమా టిక్కెట్టు సంగతి కూడా మాట్లాడాలి. పని చేస్తున్నంతసేపూ మనల్ని పొలంలో భరించినవాళ్ళు, పక్కన కూర్చుని సినిమా చూస్తే భరించలేకపోయారు.

2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ని నరికింది భార్యతో కలిసి ఆసుపత్రి నుంచి బయటికొస్తుండగా. ఇద్దరు పక్కపక్కన నడవడం మన దేశంలో చిన్న సంగతి కాదు.

ఇప్పుడు కాలం మారింది గదా అంటారు. మారింది. కార్తీకమాసంలో మామిడి తోటల ముందు ఫ్లెక్సీలు చూడండి. ఫలానా కులం వారి వనభోజన మహోత్సవం. ఒకప్పుడు ఇంటిల్లిపాదీ ఉసిరిచెట్టు కింద తిని వచ్చే పండగ ఇప్పుడు కులానికో తోట, కులానికో వేదిక, కులానికో ఎమ్మెల్యే. చెట్టు కింద అన్నం తినడానికి కూడా కులం సర్టిఫికెట్ కావాలి. మనవాళ్ళు కూడా కొన్నిచోట్ల అదే దారి పట్టారు. మాలల భోజనాలకి ఆయన్ని పిలుస్తారు, మాదిగల భోజనాలకి నన్ను పిలుస్తారు. ఇద్దరం కలిసి విస్తరి వేసుకునే తోట ఒక్కటీ లేదు.

మా ఆయనకి కార్తీకంలో సెలవు కూడా దొరకదు. పంచారామాల స్పెషల్ బస్సులుంటాయి. అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట ఒక్కరోజులో తిప్పి తీసుకురావాలి. భక్తులు లోపలికి వెళ్తే ఆయన బస్సు దగ్గర ఉంటాడు. "ఐదు గుళ్ళ పార్కింగులూ నాకు కొట్టిన పిండి" అంటాడు. పదేళ్ళుగా వేలమందికి యాత్రల టిక్కెట్లు కొట్టిన మనిషి ప్రయాణికుడిగా బస్సెక్కితే ఇప్పటికీ కాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుంటాడు. ఎవరైనా పెద్దాయన ఎక్కితే సీట్లోంచి ముందు లేచేది ఆయనే. మొదట్లో హోటల్‌కి వెళ్తే "పార్సిల్ కట్టించుకుందాం" అనేవాడు. "ఇక్కడే కూర్చుని తిందాం బావా" అని నేను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేదాన్ని. కూర్చోవడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే.

ఒక వేసవిలో పాపికొండలు వెళ్ళాం. లాంచీలో పక్క సీటావిడ జంతికల డబ్బా తీసి మాకూ పెట్టింది. మంచి మనిషి. నా ఉద్యోగం అడిగింది, ఆయన ఉద్యోగం అడిగింది, పిల్లలెందరన్నది. గోదావరి మలుపు తిరిగే చోట మెల్లిగా అడిగింది. "మీరేమిట్లండీ?"

"ఎస్సీలమండీ" అన్నాడు మా ఆయన, చాలా మామూలుగా.

ఆవిడ ఏమీ అనలేదు. కాసేపటికి ఫోన్ మాట్లాడుతూ అవతలి వరసకి వెళ్ళింది. జంతికల డబ్బా కూడా వెళ్ళింది. కొండలు ఎక్కడికీ వెళ్ళలేదు. అక్కడే ఉన్నాయి, మేం కూడా అక్కడే కూర్చుని చూశాం.

అన్న అడిగిన ప్రశ్నకి ఇక్కడి నుంచి జవాబు మొదలుపెడతాను. ఉద్యమంలో ఉన్నవాళ్ళకి విహారమేంటి?

బాబాసాహెబ్ రాసిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చిన్న పుస్తకం. తెలుగులోనూ దొరుకుతుంది. అది వేసవి సెలవుల ప్రయాణంతో మొదలవుతుంది, గమనించారా? 1901లో సతారా నుంచి పిల్లలు గోరెగావ్‌లో ఉన్న నాన్న దగ్గరికి సెలవులు గడపడానికి బయలుదేరారు. కొత్త బట్టలు, బూట్లు, జరీ టోపీలు. మసూర్ స్టేషన్లో దిగారు. మహర్ పిల్లలని తెలిసేసరికి స్టేషన్ మాస్టరు మొహం మారిపోయింది. బండివాళ్ళు ఎవరూ ఎక్కించుకోలేదు. రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి మీరే తోలుకోండి అంటే ఒప్పుకుని వెళ్ళారు. సద్ది మూట ఉంది, నీళ్ళు పోసేవాళ్ళు లేరు. తినకుండానే పడుకున్నారు.

అదే పుస్తకంలో 1934 సంగతి ఉంది. ఉద్యమంలో తనతో పనిచేసే కార్యకర్తలు 'మీరూ వస్తే ఎక్కడికన్నా చూసొద్దాం' అని అడిగారని ఆయనే రాశాడు. ఉద్యమ కార్యకర్తలే అడిగారు అన్నా! ఆయన కాదనలేదు. ముప్ఫై మంది దాకా కలిసి వేరూల్ బౌద్ధ గుహలు చూడాలని బయలుదేరారు. అవే ఎల్లోరా గుహలు. దారిలో దౌలతాబాద్ కోట దగ్గర ఆగారు. దుమ్ము కొట్టుకుపోయిన మొహాలు. కోట ద్వారం దగ్గర నిండుగా ఉన్న చెరువులో మొహాలు కడుక్కున్నారు. చెరువు మైల చేశారంటూ ఊరి ముస్లింలు కేకలేస్తూ వచ్చిపడ్డారు. చివరికి కోట చూడనిచ్చారు, కానీ లోపల ఎక్కడా నీళ్ళు ముట్టకుండా కాపలాగా ఒక సాయుధ సైనికుణ్ణి వెంట పంపారు. విహారానికి వెళ్ళిన అంబేద్కర్ వెంట తుపాకీ నడిచింది. ఆ ప్రయాణాన్ని ఆయన సరదా కబురుగా పక్కన పెట్టలేదు, సాక్ష్యంగా రాసిపెట్టాడు.

తీరిక గురించి ఆయనకి ఒక ఆలోచన ఉంది. గాంధీ, కాంగ్రెస్ అస్పృశ్యులకి ఏం చేశారో విచారిస్తూ 1945లో తెచ్చిన పుస్తకంలో గాంధేయవాదం మీద ఒక అధ్యాయం ఉంది. పశువులా బతకడం నుంచి మనిషిని బయటపడేసేది తీరికేననీ, ఆ తీరిక ఉంటేనే సంస్కృతి ఉంటుందనీ, యంత్రం కావాల్సింది అందుకేననీ అక్కడ వాదిస్తాడు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ చూసినప్పుడు ఫ్యాక్టరీ కార్మికులకి జీతంతో కూడిన సెలవుల బిల్లు తెచ్చింది ఆయనే. రాజ్యాంగం 43వ అధికరణ తీసి చూడండి. వ్యవసాయ కార్మికులతో సహా కార్మికులందరూ తీరికని పూర్తిగా అనుభవించే పరిస్థితులు కల్పించడానికి రాజ్యం ప్రయత్నించాలని ఉంది. వ్యవసాయ కార్మికులు అనే మాట అందులో ఉంది. అంటే మా అమ్మ అందులో ఉంది. 15వ అధికరణ రెండో క్లాజులో హోటళ్ళు, వినోద స్థలాలు, చెరువులు, రోడ్లు ఉన్నాయి. 1901 నాటి బండి బాట, 1934 నాటి చెరువు మీకు అందులో కనపడటం లేదా?

43 ఆదేశిక సూత్రం. కోర్టుకెళ్ళి తెచ్చుకునేది కాదు. అందుకే దాన్ని మనం బతికి చూపించాలి.

ఇంకో సంగతి. మన వాడల్లో తీరిక అంటూ ఏదన్నా ఉంటే అది మగవాళ్ళది. అరుగు, పేకాట, టీ కొట్టు, తిరువూరులో మ్యాట్నీ. ఆడవాళ్ళకి పని నుంచి పనికి మధ్య నడక మాత్రమే ఉంది. ఆ నడకలో కూడా మా నాన్న ముందు, మా అమ్మ పదడుగులు వెనక. 'కలిసి' అనే మాట అందుకే నాకు ముఖ్యం. రమాబాయి పండరీపురం వెళ్ళాలని అడిగింది. గుడి బయటే నిలబెట్టే చోటికి వద్దు, మనమే కొత్త పండరీపురం కట్టుకుందామని ఆయనన్నాడు. ఆమె 1935 మేలో చనిపోయింది. 1956 అక్టోబరు 14న నాగ్‌పూర్‌లో సవితతో కలిసి, పక్కపక్కన నిలబడి ఆయన దీక్ష తీసుకున్నాడు. దసరాకి మేం దీక్షాభూమికి వెళ్ళినప్పుడు నేను పుస్తకాల కొట్ల కంటే ముందు ముసలి జంటల్ని చూస్తాను. తెల్ల చీర, తెల్ల చొక్కా, రొట్టెల మూట. జనంలో తప్పిపోకుండా ఒకరి వేలు ఒకరు పట్టుకుని నడుస్తుంటారు. అరవై ఏళ్ళ మొగుడు పెళ్ళాం వేలు పట్టుకుని నడవడం నేను మా పల్లెలో చూడలేదు.

పోయిన వేసవిలో ఎల్లోరా వెళ్దామనుకున్నాం. ఈసారి ఇద్దరమ్మల్నీ తీసుకెళ్దామని మా ఆయన అన్నాడు. మామగారు లేరు. మా నాన్న రానన్నాడు. "గేదెల్ని ఎవరు చూస్తారమ్మాయ్?" అన్నాడు. మా అమ్మ మిరపకోత డబ్బుల్లోంచి ఐదొందలు తీసి కొంగున ముడేసుకుంది. టిక్కెట్టు తనే కొనుక్కోవాలనుకుందట.

సికింద్రాబాద్‌లో రైలు మారాం. ఎదురెదురుగా రెండు కింది బెర్తులు ఇద్దరమ్మలకీ ఇచ్చి మేం పైకెక్కాం. రాత్రి అన్నాల వేళకి మా అమ్మ తన డబ్బా తీసింది, అత్తమ్మ తన డబ్బా తీసింది. ఒకరు కిటికీ వైపు తిరిగి, ఒకరు నడవ వైపు తిరిగి తిన్నారు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఒకరిని ఒకరు పేరు పెట్టీ పిలవలేదు, వరస పెట్టీ పిలవలేదు. "మీ అత్తని అడుగు", "మీ అమ్మకి చెప్పు". అంతా మా మీదుగానే.

ఎల్లోరాలో ముప్ఫై నాలుగు గుహలు. మొదటి పన్నెండూ బౌద్ధులవి. పదో గుహలో పైకప్పుకి రాతి దూలాలు, కమానులా వంపు తిరిగి ఉంటాయి. అత్తమ్మ ఏటా గుడ్ ఫ్రైడేకి ఉపవాసముండే మనిషి. తలెత్తి చూసి, "మన చర్చిలాగుందే" అంది. మా అమ్మ బుద్ధుడి పాదాల దగ్గర చతికిలబడి, "ఇదంతా చెక్కినోళ్ళకి రోజు కూలి ఎంతిచ్చారో" అంది. నా డాక్టరేట్‌లో అంత మంచి ప్రశ్న ఒక్కటీ లేదు. మెట్లు దిగేటప్పుడు అత్తమ్మకి మోకాలు పట్టేసింది. మా అమ్మ వెనక్కి తిరిగి చెయ్యి చాపింది. "పట్టుకో వదినా."

తిరుగుదారిలో దౌలతాబాద్ కోట దగ్గర ఆగాం. మే ఎండ. రాళ్ళు కాలిపోతున్నాయి. నీడలో కూర్చుని ఇద్దరికీ 1934 కథ చెప్పాను. దుమ్ము మొహాలు, చెరువు, కేకలు, తుపాకీ. మా అమ్మ అంతా విని ఒకటే అడిగింది.

"మరి లోపల తిరిగినంతసేపూ నీళ్ళు ముట్టలేదా?"

"లేదమ్మా."

ఆమె సంచిలోంచి సీసా తీసింది. ఎప్పుడూ ఎత్తుకుని తాగే మనిషి, దాహానికి మూతి కరిపించే తాగేసింది. తాగి మూత పెట్టబోతుంటే అత్తమ్మ చెయ్యి చాపింది. "ఇటియ్యి వదినా." అదే సీసా, మూతి తుడవకుండా, ఆమె కూడా తాగింది. మా ఆయన కోట గోడల వైపు తిరిగి చాలాసేపు అటే చూస్తూ నిలబడ్డాడు.

మా ఇంట్లో మూడేళ్ళు ముట్టని నీళ్ళవి. ఎన్నో సభల్లో మాలా మాదిగా ఐక్యత గురించి నేను మైకు పట్టుకుని మాట్లాడాను. ఆ ఉపన్యాసాలేవీ మా ఇంట్లో పనిచెయ్యలేదు. వారం రోజులు ఏ పనీ లేకుండా ఇద్దరు ఆడవాళ్ళు పక్కపక్కన కూర్చోవడం పనిచేసింది. పల్లెలో ఉంటే వాళ్ళకి ఆ వారం దొరకదు. ఒకరు పత్తిలో ఉంటారు, ఒకరు మిరపలో ఉంటారు. కులం వాళ్ళని ఎక్కడ కూర్చోబెట్టిందో అక్కడే కూర్చుంటారు.

అన్నా, ఫీజు సంగతి కూడా చెప్తాను. మా తమ్ముడి ఫీజు కడుతున్నాం. ఆయన మేనకోడలి ఫీజు కడుతున్నాం. మొదటితరం జీతం మీద ఎన్ని చేతులుంటాయో మీకు తెలుసు, అవన్నీ న్యాయమైన చేతులే. ఆ ఖర్చులన్నీ పోగా నెలకింత అని ఒక డబ్బాలో వేస్తాం. డబ్బా మీద మా ఆయన 'ఊరికే' అని రాశాడు. మన పిల్లలు చదువుకోవాలి, ఉద్యోగాలు చెయ్యాలి, పోరాడాలి అంటాం. వాళ్ళు ఒక సాయంత్రం ఇష్టమైన మనిషితో ఏటి గట్టున ఊరికే కూర్చోవాలి అని కూడా అనాలి. అలిసిపోయిన కార్యకర్త ఇంటికొచ్చి పెళ్ళాం మీద విసుక్కునే ఉద్యమాలు మనం చాలా చూశాం. మీరు కూడా వదినని తీసుకుని ఒక్కసారి ఎటన్నా వెళ్ళి రండి. అప్పుడు మళ్ళీ మాట్లాడుకుందాం.

విద్యార్థి మిత్రులకి ఒక పని. ఈ వారం ఇంటికి ఫోన్ చేసి మీ అమ్మనీ నాన్ననీ విడివిడిగా అడగండి. పెళ్ళయ్యాక మీరిద్దరూ కలిసి, ఏ పనీ లేకుండా, చూడ్డానికే వెళ్ళిన చోటు ఏది? ఏ ఏడు? ఎలా వెళ్ళారు? ఎక్కడ తిన్నారు? అక్కడెవరన్నా కులం అడిగారా? వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసి కింద పెట్టండి. అసలు వెళ్ళలేదంటే, వెళ్ళలేదనే రాయండి. అది కూడా మన చరిత్రే. ఎవరూ రాయని యాత్రా సాహిత్యం అక్కడి నుంచే మొదలవుతుంది.

మా అమ్మానాన్నల జవాబు ఇప్పటికింకా 'లేదు'. ఈ దసరాకి నాగ్‌పూర్‌కి నాలుగు టిక్కెట్లు తీశాం. గేదెల్ని మా తమ్ముడు చూసుకుంటానన్నాడు. మా నాన్న ఇంకా ఊ అనలేదు. అమ్మ మాత్రం సంచి సర్దేసింది.

జై భీమ్.